గురిలో సగం తూటాదే

పాత సైనిక రైఫిల్ సూటిగా కొట్టకపోతే అందరూ గొట్టాన్నే అనుమానిస్తారు. అందులో ఏ తూటా పెట్టారని అడిగేవాళ్లు తక్కువ. మన పోలీసుల భుజాల మీద తరాలపాటు వేలాడిన ‘త్రీ నాట్ త్రీ’ (.303) రైఫిల్ కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1914 సెప్టెంబరు ఆఖరి వారం. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సే రేవులో భారత సైన్యపు లాహోర్ డివిజన్ ఓడలు దిగింది. సిక్కులు, పఠాన్లు, గూర్ఖాలు, డోగ్రాలు. యూరప్ గడ్డమీద అడుగుపెట్టాక వాళ్లు మొదట చేసిన పనుల్లో ఒకటి, ఇక్కడినుంచి మోసుకెళ్లిన రైఫిళ్లనూ తూటాలనూ అప్పగించెయ్యడం. బదులుగా కొత్త నమూనా రైఫిల్, దానికి తగిన కొత్త తూటాలు చేతికొచ్చాయి. కొన్ని వారాల్లోనే వాటితో కందకాల్లో దిగాలి. ఏళ్ల తరబడి చాంద్‌మారీలో, అంటే గురి సాధన మైదానంలో, చేతికి అలవాటైన ఆయుధాన్ని యుద్ధానికి వెళ్లే దారిలో మార్చుకోవడం ఏ సిపాయికైనా మింగుడుపడే విషయం కాదు.

ఆ రైఫిళ్లు చెడిపోలేదు. మారింది తూటా. భారత సైన్యం దగ్గరున్నది పాత రకం, ‘మార్క్ సిక్స్’. బ్రిటన్ 1910లోనే ‘మార్క్ సెవెన్’కు మారింది. ఫ్రాన్స్‌కు చేరే సరఫరా అంతా కొత్త రకమే. రెంటికీ ఇత్తడి తొడుగు ఒకటే, రెండూ గొట్టం వెనక తూటా కూర్చునే ఒకే ఛాంబర్‌లో పడతాయి, రెండూ పేలతాయి. తేడా తొడుగు మూతికి బిగించిన గుండులో ఉంది. మార్క్ సిక్స్ గుండు మొద్దు ముక్కుది. బరువు 215 గ్రెయిన్లు, అంటే దాదాపు 14 గ్రాములు. వేగం సెకనుకు 2,060 అడుగులు. మార్క్ సెవెన్ గుండు సూదిముక్కుది. బరువు 174 గ్రెయిన్లు, పదకొండు గ్రాముల పైచిలుకు. వేగం 2,440 అడుగులు. మొదటిది దూరం వెళ్లేకొద్దీ బాగా కిందికి వంగుతుంది, రెండోది చాలాదూరం చదునుగా సాగుతుంది. రైఫిల్ మీది బ్యాక్‌సైట్‌లో చెక్కిన గజాల అంకెలు ఏదో ఒక వంపుకే సరిపోతాయి. పాత వంపుకు చెక్కిన సైట్‌తో కొత్త తూటా పేలిస్తే గుండు అనుకున్న చోటికి చాలా పైన పోతుంది. సిపాయి చూపులోనూ చేతిలోనూ తప్పు లేకపోయినా దెబ్బ తప్పుతుంది.

రైఫిల్ అంటే ఒక వస్తువు, తూటా అంటే అందులో వేసే సరుకు అనే ఆలోచనే పొరపాటని నా నమ్మకం. రెండూ కలిపి ఒకే పనిముట్టు. ఒకదాన్ని మార్చినప్పుడల్లా రెండోదాన్ని దానికి తగ్గట్టు దిద్దుకోవాల్సి వచ్చింది. దిద్దనప్పుడు మనుషులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు.

డమ్‌డమ్‌లో మొదలైన జిడ్డు

కలకత్తా పక్కనే ఉన్న డమ్‌డమ్ పేరు ఈ చరిత్రలో రెండుసార్లు వస్తుంది. మొదటిసారి 1857లో. ఆవుకొవ్వు, పందికొవ్వు పూసిన తూటాలన్న పుకారు ఆ జనవరిలో అక్కడి ఆయుధ శిక్షణ కేంద్రం నుంచే పాకిందని బడి పాఠాల్లో చదువుకున్నాం. అసలు ఆ జిడ్డు ఎందుకు పూయాల్సి వచ్చిందో ఆ పాఠాలు చెప్పవు. పూర్వపు మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది. కొత్తగా వచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలితిరిగిన గాడులు ఉన్నాయి. నల్లమందు కాలిన ప్రతిసారీ ఆ గాడుల్లో మసి గట్టిగా పేరుకుంటుంది. గుండును మూతి నుంచి లోపలికి దిగ్గొట్టాల్సిన రోజులవి. నాలుగు రౌండ్లు పేలాక గుండు దిగనంటుంది. అందుకే గుండు చుట్టూ కాగితం, దానికి జిడ్డు. పాలకులు జనం నమ్మకాలను లెక్కచెయ్యలేదు. ఆ కొవ్వు వెనుక ఉన్న అసలు అవసరం మాత్రం గురికి సంబంధించినదే.

ఆ ఎన్‌ఫీల్డ్ గుండులో మరో కిటుకుంది. అది గొట్టం కంటే సన్నగా ఉండేది, లేకపోతే మూతి నుంచి దించలేరు. కానీ మందు పేలగానే ఆ ఒత్తిడికి మెత్తటి సీసపు అడుగుభాగం ఉబ్బి గాడుల్లోకి దిగి గట్టిగా పట్టుకునేది. వెనక పుట్టిన వాయువు పక్కలనుంచి జారిపోదు, గుండు గాడుల వెంట తిరుగుతూ బయటికి వస్తుంది. అడుగు ఉబ్బడమనే ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎనభై ఏళ్ల తర్వాత వచ్చిన ఒక తూటాకు సరిగ్గా ఇదే కరువైంది.

రెండోసారి డమ్‌డమ్ పేరు 1890ల చివర్లో ప్రపంచమంతా మోగింది. వాయవ్య సరిహద్దు పోరాటాల్లో .303 గుండు శరీరంలోంచి దూసుకుపోతోందే తప్ప మనిషిని ఆపడం లేదని అధికారులు ఫిర్యాదు చేస్తే, అక్కడి ఆయుధశాలలోని కెప్టెన్ బెర్టీ-క్లే గుండు ముక్కు దగ్గర లోహపు తొడుగు తీసేసి సీసం బయటపడేలా చేశారు. తగిలితే అది పువ్వులా విచ్చుకుని ఘోరమైన గాయం చేసేది. 1899 హేగ్ సమావేశం అలాంటి గుళ్లను యుద్ధంలో నిషేధించింది. క్రూరత్వం సంగతి లోకానికి తెలుసు. తుపాకీకి సంబంధించిన చిక్కు ఒకటి దాని వెనక మరుగున పడింది. తొడుగు ముందూ వెనకా రెండువైపులా తెరిచి ఉంటే, లోపలి సీసం ఒక్కటే ముందుకు దూసుకుపోయి తొడుగు గొట్టంలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత పేల్చే తూటాకు ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

గాడులను తిన్న మందు

.303 పుట్టింది 1888లో, లీ-మెట్‌ఫర్డ్ అనే రైఫిల్ కోసం. జేమ్స్ పారిస్ లీ తయారుచేసిన బోల్టూ మ్యాగజైనూ, విలియం ఎలిస్ మెట్‌ఫర్డ్ రూపొందించిన గొట్టమూ కలిస్తే ఆ పేరు. మెట్‌ఫర్డ్ జీవితమంతా నల్లమందు మసితో కుస్తీ పట్టిన ఇంజనీరు. మసి ఇరుక్కోవడానికి మూలలే లేకుండా, లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా ఉండే ఏడు గాడులను ఆయన తీర్చారు. నల్లమందుకు అంతకంటే మంచి గొట్టం అప్పటికి లేదు. తొలి .303 తూటాలో ఉన్నది కూడా అదిమి గట్టిపరిచిన నల్లమందే. సెకనుకు 1,850 అడుగుల వేగం ఇచ్చేది.

రెండు మూడేళ్లు తిరక్కుండానే కార్డైట్ వచ్చింది. దారాల్లా పొడుగ్గా ఉండే ఈ పొగలేని మందులో మొదట్లో నైట్రోగ్లిజరిన్ 58 శాతం, గన్‌కాటన్ 37 శాతం, వ్యాజలైన్ 5 శాతం. మసి దాదాపు పోయింది, వేగం పెరిగింది. కానీ అది విపరీతమైన వేడితో కాలేది. ఆ వేడి వాయువు గొట్టం మొదట్లో, గుండు గాడుల్లోకి ప్రవేశించే చోట, ఉక్కును కొద్దికొద్దిగా కొరికేసింది. మెట్‌ఫర్డ్ గాడులు అసలే లోతులేనివి, అంచులు గుండ్రనివి. అరిగాక గుండుకు పట్టు దొరకలేదు. పట్టు లేని గుండు సరిగా తిరగదు, తిరగని గుండు గాల్లో తూలుతుంది. మసి మీద గెలవడానికి చేసిన రూపకల్పన, మసి లేని మందు చేతిలో ఓడిపోయింది.

ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ దీనికి జవాబుగా ఐదు లోతైన చదరపు గాడులు వేసింది. 1895లో వచ్చిన ఆ గొట్టంతోనే లీ-ఎన్‌ఫీల్డ్ అన్న పేరు పుట్టింది. అటు మందును కూడా చల్లబరిచారు. 1901 ప్రాంతంలో వచ్చిన సవరించిన కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి తగ్గించారు. ఊటీ బొమ్మరైల్లో వెళ్లిన మన వాళ్లకు కూనూరు దాటాక అరువంకాడు స్టేషన్ కనిపించే ఉంటుంది. భారత సైన్యానికి ఈ మందును తయారుచేసేందుకు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన కార్డైట్ ఫ్యాక్టరీ ఆ లోయలోనే ఉంది. మందు నీలగిరుల్లో, తూటా పుణె పక్కనున్న కిర్కీలో, రైఫిల్ బెంగాల్‌లోని ఇషాపూర్‌లో. ఈ మూడూ ఒకదానితో ఒకటి కుదిరితేనే సిపాయి గురి కుదిరేది.

మన వాతావరణం ఆ కుదురును పరీక్షించింది. కార్డైట్ లాంటి మందు ఎండకు వేడెక్కితే మరింత వేగంగా కాలుతుంది. చలి ఉదయం సైట్లు సరిచూసి ‘జీరో’ చేసిన రైఫిల్, మిట్టమధ్యాహ్నపు ఎండలో నానిన తూటాలతో కాస్త పైకి కొడుతుంది. దీనికంటే వింతైనది ఇత్తడి తొడుగుల కథ. వర్షాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వచేసిన తూటాల తొడుగులు వాటంతట అవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, ఇత్తడిని సాగదీసినప్పుడు లోపల మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అది. 1921లో పరిశోధకులు దీని గుట్టు విప్పి, తయారీలో ఇత్తడిని మరోసారి సన్నగా కాచి ఆ బిగువు తీసేస్తే చాలని తేల్చారు. గుండును తొడుగు మెడ ఎంత బిగువుగా పట్టుకుంటుందన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఒక తూటాలో బిగువుగా, ఇంకోదానిలో వదులుగా ఉంటే మందు కాలే తీరు మారుతుంది, వేగం మారుతుంది, దెబ్బ తగిలే చోటు మారుతుంది.

సూదిముక్కు లోపల

మార్క్ సెవెన్ గుండును నిలువునా కోసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. లోపలంతా సీసం కాదు. ముక్కు భాగంలో అల్యూమినియం, వెనకే సీసం. దీనివల్ల బరువు పెరగకుండా పొడవు వచ్చింది, బరువంతా వెనక్కి జరిగింది. యుద్ధకాలంలో అల్యూమినియం బదులు అణిచిన కాగితం, చెక్కగుజ్జు కూడా నింపారు. ఇలాంటి రెండు ముక్కల గుండును వందల కోట్లలో తయారు చేసేటప్పుడు అన్నీ ఒక్కలాగే ఉండాలంటే సాధ్యం కాదు.

ఒక్కలాగే ఉండడం ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్ గాడులు ప్రతి పది అంగుళాలకు ఎడమవైపు ఒక పూర్తి చుట్టు తిరుగుతాయి. సెకనుకు 2,440 అడుగుల వేగంతో వెళ్లే గుండు ఆ లెక్కన సెకనుకు 2,900 సార్లకు పైగా తనచుట్టూ తాను తిరుగుతుంది. మేకు నడిమధ్యలో దిగని బొంగరం ఎలా ఊగుతుందో మనం చిన్నప్పుడు చూశాం. సీసం కేంద్రం నుంచి వెంట్రుకవాసి పక్కకు ఉన్నా ఇక్కడా అదే జరుగుతుంది. గొట్టం ఉన్నంతసేపూ గాడులు దాన్ని బలవంతంగా నిలబెడతాయి. మూతి దాటగానే అది తన బరువు కేంద్రం చుట్టూ తిరగడం మొదలుపెట్టి పక్కకు విసరబడుతుంది. ప్రతి గుండూ వేరే దిక్కుకు.

వేగంలో తేడా చేసే హాని ఇంకో రకం. వంద గజాల్లో అది కంటికి కనపడదు. వెయ్యి గజాల్లో మార్క్ సెవెన్ వేగంలో నూటికి ఒక వంతు తేడా వచ్చినా దెబ్బ సుమారు అడుగు కిందకో పైకో పోతుంది. ఎన్‌సీసీలో పాతిక గజాల రేంజిలో .22తో ఐదు రౌండ్లు కొట్టి, దెబ్బల గ్రూపు అగ్గిపెట్టెలో పట్టేలా వచ్చిందని మురిసిపోయిన వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ దూరంలో తూటా తన లోపాలను బయటపెట్టదు. దూరం పెరిగేకొద్దీ ఒక్కొక్కటీ బయటపడుతుంది.

రాస్ రైఫిల్ విషాదం

తూటాను మరిచిపోయి రైఫిల్‌ను మాత్రమే ప్రేమిస్తే ఏమవుతుందో తెలియాలంటే కెనడా కథ వినాలి. సర్ చార్లెస్ రాస్ రూపొందించిన రైఫిల్ పోటీల్లో లీ-ఎన్‌ఫీల్డ్‌ను మించి గురి చూపింది. పొడవాటి బరువైన గొట్టం. బోల్టును తిప్పకుండా నేరుగా వెనక్కి లాగితే చాలు. కెనడా సైన్యం దాన్ని గర్వంగా యూరప్‌కు తీసుకెళ్లింది. దాని ఛాంబర్‌ను బిగువుగా తొలిచారు. కెనడాలోని డొమినియన్ ఆయుధశాల జాగ్రత్తగా, కచ్చితమైన కొలతలకు చేసిన .303 తూటాలు అందులో చక్కగా కూర్చునేవి. పోటీ మైదానంలో ఆ బిగువే దాని బలం.

1915 ఏప్రిల్‌లో ఈప్ర రెండో యుద్ధం. క్లోరిన్ వాయువు మేఘం పక్కనుంచి వస్తోంది, జర్మన్లు వెనకే వస్తున్నారు. కెనడా సైనికుల చేతుల్లో ఉన్నవి బ్రిటన్‌లో హడావుడిగా, కొలతల విషయంలో చూసీచూడనట్టు తయారైన తూటాలు. లీ-ఎన్‌ఫీల్డ్ ఛాంబర్ వాటిని భరించేంత వదులు. రాస్ ఛాంబర్ భరించలేదు. పేలిన తొడుగు ఉబ్బి లోపలే బిగుసుకుంది. బురద కూడా తోడైంది. బోల్టును బూటు మడమతో తన్ని, పారతో కొట్టి తెరవాల్సి వచ్చింది. పక్కన పడివున్న బ్రిటిష్ సైనికుల లీ-ఎన్‌ఫీల్డ్‌లను ఏరుకుని, తమ రైఫిళ్లను అక్కడే పారేసినవాళ్లు వందల్లో ఉన్నారు. బోల్టు నిర్మాణంలోనూ లోపాలున్నాయి, నింద మొత్తం తూటా మీద వేయడం న్యాయం కాదు. తర్వాత ఛాంబర్లను పెద్దవి చేశారు, అయినా సైనికుల నమ్మకం తిరిగి రాలేదు. 1916 కల్లా పదాతిదళం చేతుల్లోంచి రాస్ వెళ్లిపోయింది.

నన్ను కదిలించేది ఆ తర్వాత జరిగినది. స్నైపర్లు దాన్ని వదల్లేదు. కెనడా ఆదిమ తెగకు చెందిన ఫ్రాన్సిస్ పెగామగాబో లాంటి పేరుమోసిన గురికాళ్లు రాస్‌తోనే యుద్ధం చేశారు. నిమిషానికి పదిహేను రౌండ్లు పేల్చాల్సిన పని స్నైపర్‌కు లేదు. ఆయన కొద్దిపాటి తూటాలతో, వాటిని చూసుకుని, తుడుచుకుని, ఒక్కొక్కటిగా వాడతాడు. వేలమందికి పనికిరాని రైఫిల్ ఒక్కడి చేతిలో ప్రపంచంలోకెల్లా మంచి రైఫిల్ అయింది.

లోపమే వరమైన చోటు

లీ-ఎన్‌ఫీల్డ్‌కు ఒక లోపం ఉందని ఇంజనీర్లు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. మాసర్ రైఫిల్లో బోల్టును బిగించే కొమ్ములు ముందువైపు, ఛాంబర్ పక్కనే ఉంటాయి. లీ బోల్టుకు అవి వెనక ఉంటాయి. రెండు వైపులా ఒకే ఆకారంలో కూడా ఉండవు. తూటా పేలినప్పుడు ఆ భాగమంతా కొద్దిగా సాగి వంగుతుంది. ఆ వంపు గొట్టానికి పాకి, మూతి పైకీ కిందకీ ఊగుతుంది. గుండు గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు కంటే కాస్త ఎక్కువసేపు. ఆ కాస్తలోనే మూతి కదులుతోంది. గురికి ఇది శత్రువనే ఎవరైనా అనుకుంటారు.

దూరం పెరిగితే లెక్క తిరగబడింది. వేగం తక్కువున్న గుండు గొట్టంలో రవ్వంత ఎక్కువసేపు ఉండి, మూతి మరికాస్త పైకి లేచిన క్షణంలో బయటపడుతుంది. వేగం ఎక్కువున్నది ముందే, మూతి కాస్త కిందున్నప్పుడు వెళ్లిపోతుంది. దగ్గర్లో చూస్తే నెమ్మదైన గుండు పైన తగులుతుంది, వేగమైనది కింద తగులుతుంది. గ్రూపు నిలువునా సాగినట్టు కనిపిస్తుంది. కానీ నెమ్మదైనది దారిలో ఎక్కువ వంగుతుంది కదా. ఎనిమిది వందలు, వెయ్యి గజాలు వెళ్లేసరికి రెండు దారులూ ఒకచోటికి చేరతాయి. తూటాల వేగంలోని తేడాను రైఫిల్ తనంతట తాను సర్దేస్తుంది. దీన్ని గురికాళ్లు ‘కాంపెన్సేషన్’ అంటారు.

దీని విలువ ఇంగ్లండ్‌లోని బిస్లీ మైదానంలో బాగా తెలిసింది. 1890 నుంచి అక్కడ జరిగే పెద్ద పోటీల్లో అందరికీ నిర్వాహకులే తూటాలు ఇస్తారు. ఎవరికి నచ్చిన తూటా వాళ్లు తెచ్చుకుంటామంటే కుదరదు. అంటే తూటాలో ఉన్న హెచ్చుతగ్గులన్నిటినీ రైఫిలే మోయాలి. 1960ల్లో అందరూ 7.62 మిల్లీమీటర్ల తూటాకు మారుతున్నప్పుడు, అప్పటి సైనిక తూటాల వేగంలో నిలకడ అంతగా ఉండేది కాదు. మాసర్ తరహా గట్టి రైఫిళ్లు దగ్గరి దూరాల్లో గెలిచాయి. తొమ్మిది వందలు, వెయ్యి గజాల దగ్గర మాత్రం 7.62కు మార్చిన పాత ‘నెంబర్ ఫోర్’ నమూనా లీ-ఎన్‌ఫీల్డ్‌లు వాటిని వెనక్కి నెట్టాయి. కాబట్టి వంద గజాల టార్గెట్ మీద గ్రూపు చూసి లీ-ఎన్‌ఫీల్డ్‌కు మార్కులు వేసేవాళ్లను నేను నమ్మను. వేగంలో నిలకడ ఉన్న తూటా వాడితే ఈ సర్దుబాటుకు పనే ఉండదు, అప్పుడు దూరంలో గట్టి రైఫిలే మేలు.

అరిగిన గొట్టం, పడవ తోక

ఎన్‌ఫీల్డ్ గుండు అడుగు ఉబ్బే సంగతి ఇప్పుడు పనికొస్తుంది. 1938లో బ్రిటన్ ‘మార్క్ ఎయిట్’ తూటా తెచ్చింది. విక్కర్స్ మెషిన్‌గన్ గుళ్లను నాలుగున్నర వేల గజాల దాకా చేర్చడం దాని ఉద్దేశం. గుండు వెనక భాగాన్ని పడవ తోకలా సన్నం చేశారు. గాలి నిరోధం తగ్గింది, దూరం పెరిగింది. కాగితం మీద ఇది మార్క్ సెవెన్ కంటే అన్నివిధాలా మెరుగు.

అరిగిన గొట్టాల్లో మాత్రం అది చెదిరిపోయింది. మార్క్ సెవెన్ అడుగు చదునుగా, సీసం కనిపిస్తూ ఉంటుంది. ఒత్తిడికి కొద్దిగా ఉబ్బి అరిగిన గాడుల్ని నింపుతుంది. పడవ తోక ఉబ్బదు. పైగా సన్నబడిన అంచు చుట్టూ వేడి వాయువు జారి గొట్టాన్ని మరింత కొరుకుతుంది. కార్డైట్ తిన్న గొట్టాల్లో గుండు వదులుగా పోయింది. రైఫిల్ సిపాయిలకు మామూలుగా దీన్ని ఇవ్వలేదు, ఇది మెషిన్‌గన్‌లదే.

ఈ పాఠం ఇవాళ్టికీ పనికొస్తుంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో పాత .303లతో పోటీల్లో పాల్గొనేవాళ్లు చేసే మొదటి పని, మెత్తటి సీసపు ముద్దను గొట్టంలోంచి నెట్టి, గాడుల లోతు ఎంతుందో కొలుచుకోవడం. ఒకే పేరున్న రైఫిళ్ల మధ్య అంగుళంలో నాలుగైదు వెయ్యో వంతుల తేడా కనిపిస్తుంది. వదులు గొట్టమైతే, దుకాణంలో ఎంత ఖరీదైన పడవతోక గుండు ఉన్నా పక్కన పెట్టి, పాత పద్ధతి చదునడుగు గుండు ఎంచుకుంటారు. ఫలితం అప్పటికప్పుడే టార్గెట్ మీద కనిపిస్తుంది. పాడైపోయిందని తీసిపారేసిన గొట్టం ఎన్నోసార్లు ఇలా బతికింది.

గొట్టాలను చంపిన మరో కారణం ప్రైమర్ రసాయనం. పాత సైనిక తూటాల అడుగున నిప్పు పుట్టించే ఆ క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఉక్కును తుప్పు పట్టిస్తుంది. నూనె దాన్ని కరిగించలేదు, నీళ్లే కరిగిస్తాయి. అందుకే ముందు మరిగే నీళ్లు పోసి, తర్వాతే గొట్టం తుడిచే తాడు (పుల్‌త్రూ)కు గుడ్డపీలిక కట్టి లాగి, నూనె రాయడం నియమం. మన తేమ వాతావరణంలో ఆ ఒక్క మెట్టు దాటేసిన రైఫిల్ కొద్ది రోజుల్లోనే గుంటలు పడేది. తర్వాత దాంతో ఏ తూటా పేల్చినా గ్రూపు రాదు.

గురి తీసేసిన తుపాకీ

తూటా ఎంపిక అన్నివేళలా గురి పెంచడానికే జరగలేదు. పాలకులు కావాలని గురి తగ్గించిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1857 తర్వాత మనవాళ్ల చేతికి మంచి ఆయుధం ఇవ్వాలంటే బ్రిటిష్‌వాళ్లకు జంకు. ఆ జంకులోంచి పుట్టినదే .410 పోలీసు మస్కెట్. చూడ్డానికి అచ్చం లీ-ఎన్‌ఫీల్డే. ఇషాపూర్‌లో దాని గొట్టం గాడుల్లేకుండా నున్నగా తొలిచారు, మ్యాగజైన్‌ను మూసేశారు. ఒకసారికి ఒకే తూటా. తూటా కూడా .303 తొడుగునే మెడ నొక్కకుండా నిటారుగా వదిలేసి తయారుచేసింది. సైన్యం తూటా ఇందులో సరిగా పనిచెయ్యదు, దీని తూటా సైన్యం రైఫిల్లో పట్టదు. జైలు కాపలాకూ గుంపులను చెదరగొట్టడానికీ చాలు, దూరం నుంచి దొరను గురిచూడ్డానికి చాలదు.

తుపాకీ దొరికితే సరిపోదు, దానికి సరిపడే తూటా కూడా చేతిలో ఉండాలన్న సంగతి మన్యంలో తెలుసు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసినప్పుడు తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకెళ్లింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఇషాపూర్ మరో అడుగు వేసింది. సైన్యం 7.62 తూటాకు మారిపోతే పాత లీ-ఎన్‌ఫీల్డ్ ఏం కావాలి? 1960ల్లో ‘2ఏ’, ఆ తర్వాత ‘2ఏ1’ వచ్చాయి. ఆకారం మొదటి ప్రపంచ యుద్ధపు రైఫిల్‌దే. ఎక్కువ ఒత్తిడిని తట్టుకునేలా ఉక్కు మార్చారు, మ్యాగజైన్ నలుచదరంగా మారింది. బ్యాక్‌సైట్‌లో ‘2ఏ’కు 2,000 దాకా చెక్కిన అంకెలను ‘2ఏ1’లో 800కు కుదించారు. రైఫిల్‌ను తూటాకు తగ్గట్టు నిజాయితీగా దిద్దిన పని అది. పోలీసుల దగ్గర మాత్రం పాత .303 మిగిలింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంలో .303కి వీడ్కోలు పలికినప్పుడు పత్రికలన్నీ దాన్ని ‘తుప్పు తుపాకీ’ అన్నట్టే రాశాయి. దశాబ్దాలపాటు అందులో పేల్చిన తూటా వయసెంత, నిల్వ ఎలా ఉంది, ఏడాదికి ఒక్కో కానిస్టేబుల్‌కు సాధనకు ఎన్ని రౌండ్లు ఇచ్చారు అన్న ప్రశ్నలు వేస్తే ఆ రైఫిల్‌కు కాస్త న్యాయం జరిగేది.

ఏ రైఫిల్‌కు ఏ తూటా, ఎంత సవరణ అన్న ప్రశ్నకు జవాబును స్వీడన్ వాళ్లు రైఫిల్ మీదే రాసిపెట్టారు. వాళ్ల 6.5 మిల్లీమీటర్ల మాసర్‌కు మొదట్లో 156 గ్రెయిన్ల మొద్దుముక్కు గుండు ఉండేది. 1941లో 139 గ్రెయిన్ల సూదిముక్కు పడవతోక గుండుకు మారారు. లక్షల రైఫిళ్ల సైట్లు ఒక్కరోజులో మార్చలేరు కదా. కర్ర మడమ పక్కన గుండ్రటి ఇత్తడి బిళ్ల బిగించి, గొట్టం లోపలి కొలత ఎంత, తుప్పు గుంటలు ఏ స్థాయిలో ఉన్నాయి, కొత్త తూటా వాడితే గురి ఎంత సవరించుకోవాలి అన్న మూడు సంగతులూ అందులో గుర్తు పెట్టారు. ఆయుధశాలలో మరమ్మతుదారు కొలిచిన ప్రతిసారీ బిళ్ల మార్చేవాడు. కొత్తగా చేరిన కుర్రాడు రైఫిల్ చేతికి తీసుకోగానే దాని ఆరోగ్యం, అలవాట్లు, దానికి పడే తూటా తెలిసిపోయేవి.

మన మ్యూజియంలలోనూ పోలీసు కార్యాలయాల అద్దాల పెట్టెల్లోనూ ఇప్పుడు .303లు నిలబడుతున్నాయి. కింద అట్టముక్క మీద ‘లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్’ అన్న పేరూ, ఒక సంవత్సరమూ ఉంటే చాలనుకుంటారు. ఇంకో రెండు పంక్తులు రాయాలి: ఈ బ్యాక్‌సైట్ మార్క్ సిక్స్‌కు చెక్కిందా, మార్క్ సెవెన్‌కా, గొట్టంలో ఉన్నవి ఎన్ని గాడులు. గాడులు లెక్కపెట్టడానికి గొట్టం వెనక నుంచి టార్చిలైట్ వేస్తే చాలు. సైట్ గుర్తులు పెట్టె తెరిస్తే కనిపిస్తాయి.